ఒలిచిన విత్తనం

అక్టోబరు 6

వచ్చి ఆరు వారాలైంది. చేతి గడియారం ఇంకా ఆఫ్రికాలోని మలావీ టైమే చూపిస్తోంది. మార్చబుద్ధి కావడం లేదు. మూడున్నర గంటలు వెనక్కి లెక్కేసుకుంటూ బతుకుతున్నాను. గుత్తి ఆసుపత్రిలో మొదటి పేషంటు మోకాలు వంచే వేళకు అక్కడ అప్పుడే తెల్లారుతుంటుంది. నేను మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పే వేళకు అక్కడి నా పేషంటు ఎస్నాత్ వాకిట్లో చాప పరుచుకుని కూర్చుంటుంది, ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని.

ఐదు నెలలు అక్కడ. ఊరూరా తిరిగి, పక్షవాతం వచ్చినవాళ్ల కాళ్లూ చేతులూ మళ్లీ ఆడించే బృందం. జీతం లేని ఫిజియోథెరపిస్టును. అంత తృప్తిగా ఎప్పుడూ నిద్రపోలేదు.

అక్టోబరు 8

మెర్సీ గొంతు, ఫోన్లో. పదకొండు సెకన్లు. ఎస్నాత్ పెద్దకూతురు— నా ఇంగ్లీషును వాళ్ల చెచేవా భాషలోకి మార్చి చెప్పిన మనిషి. "అమ్మ నిన్ను అడుగుతోంది. చెయ్యి బాగుంది." అంతే. నాలుగుసార్లు విన్నాను, వెనకాల వినిపించే కోళ్ల కోసం.

అక్టోబరు 14

రాగిముద్ద ముందు పెట్టుకుని వాళ్ల తెల్ల మొక్కజొన్న ముద్ద తలుచుకుంటున్నాను. ఆకుకూరలో వేరుశనగ పొడి కలిపి పెట్టేది ఎస్నాత్. ఒంటిచేత్తో.

నాయన కనిపెట్టేశాడు. "ఏం పాపా, మన ముద్ద గొంతు దిగలేదా?"

"తింటున్నాను కదా."

"దూరపు కొండలు నునుపు. ఆడ ఉన్నన్నాళ్లూ పామిడి పామిడి అని ఫోన్లో ఏడిస్తివి. ఈడికొచ్చి ఆడికోసం ఏడుస్తాండావు."

అదీ నిజమే. అక్కడి ఎర్రమట్టి చూసినప్పుడల్లా మా చేనే అనిపించి కళ్లు తుడుచుకునేదాన్ని. ఇప్పుడు మా చేను చూస్తే అది ఎస్నాత్ చేను.

అక్టోబరు 19, ఆదివారం

చేలో వేరుశనగ పీకుతున్నారు. కాయ ఊరే వేళకు వాన లేదు— చెట్టుకు నాలుగు కాయలు, అందులో రెండు తాలు. మిట్ట మీది చేను అసలు విత్తనే లేదు ఈ ఏడు. నాయన గోనెపట్ట మీద మంచి కాయలు ఏరి పక్కన పెడుతున్నాడు. నేను పక్కనే కూర్చుని ఒకటి ఒలిచాను. ఇంకొకటి. చెయ్యి అలవాటు పడిపోయింది కదా, ఒలుస్తూనే ఉన్నాను.

చేతి మీద ఒక్కటిచ్చాడు. "ఒలవగాకు! ఇత్తనానికి పెట్టినవి అవి."

"నాలుగు గింజలు ఒలిస్తే ఏమైతుంది నాయనా?"

"రైతు కూతురివేనా నువ్వు? కాయలో ఉన్నన్నాళ్లే దానికి పాణం. వాన పడేకి పది దినాల ముందర ఒలవల్ల. ముందే ఒలిస్తే పురుగు పడతాది, పొట్టు లేస్తాది. మొలక యాడిది?"

నాకు తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. చిన్నప్పుడు తొలకరికి ముందు పడసాలంతా ఆడవాళ్లు, చేటల నిండా కాయలు, చెయ్యి తడుపుకుంటూ ఒలిచేవాళ్లు. నేనూ ఒలిచాను వాళ్లతో. ముందు ఎందుకు ఒలవరని అడగాల్సిన అవసరమే రాలేదు.

ఎస్నాత్ ఇంట్లో మూలనున్న మూట...

ఇంటికి ఎలా నడిచొచ్చానో తెలీదు.

అక్టోబరు 20

రాసి పెట్టుకోవాలి. తప్పించుకోకుండా.

జూలై. ఎస్నాత్ ఎడమ చెయ్యి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. వేళ్లు విప్పితే మళ్లీ ముడుచుకునేవి. ఏం కావాలమ్మా నీకు అని అడిగితే— చప్పట్లు, అంది. వాళ్లు ఎవరికైనా కృతజ్ఞత చెప్పాలంటే మోకాళ్లు వంచి, రెండు అరచేతులూ దొప్పల్లా చేసి మెల్లగా తడతారు. ఒంటిచేత్తో ఎవరికీ సరిగ్గా కృతజ్ఞత చెప్పలేకపోతున్నానని ఆమె బాధ. రబ్బరు బంతులు, బట్టల క్లిప్పులు అన్నీ చూపించాను. నవ్వి పక్కన పడేసింది. ఆటవస్తువులట.

అప్పుడు మూలనున్న మూట కనపడింది. వేరుశనగ కాయలు. నాకు ప్రాణం లేచొచ్చింది— మా ఊరి వైద్యం! బొటనవేలూ చూపుడువేలూ కలిపి నొక్కు, టప్పుమనాలి, తర్వాత వేలు చాపి గింజ తీసి పడెయ్యి.

"ఈ కాయలు ఒలిపిద్దాం," అన్నాను.

మెర్సీ తల్లి ముఖం చూసింది. "అవి వేరే—"

"ఏవైనా పర్లేదు," అన్నాను.

ఏవైనా పర్లేదు. ఆ రెండుముక్కలు నోట్లోంచి ఎలా వచ్చాయి? ఆ పిల్ల మాట పూర్తి చేయనిచ్చి ఉంటే... నాకు తొందర. నాకు సంతోషం. ఆరు వారాలు రోజూ ఒలిచింది ఎస్నాత్. వేళ్లు విచ్చుకున్నాయి. మూట అడుగు కనపడిన రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

అక్కడ వానలు నవంబరు చివర. అప్పుడు విత్తుతారు.

మెర్సీకి రాశాను: ఆ మూట దేనికి పెట్టుకున్నారు? నిజం చెప్పు.

అక్టోబరు 22

జవాబు లేదు.

అక్టోబరు 23

లేదు. బస్సులో టికెట్టు రెండుసార్లు తీసుకున్నాను.

అక్టోబరు 24

వచ్చింది. పొడుగు మెసేజు. విత్తనమే. ఏడాదికి వాళ్లకున్న ఒక్కటే విత్తనం. నీకు చెప్పొద్దని అమ్మే అందట. "అంత దూరం నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషికి వద్దని ఎలా చెప్తాం? విత్తనం మళ్లీ ఎవరినైనా అడుగుతాను. చెయ్యి ఎవరిస్తారు?" అందట. ఇప్పుడు అడగడానికి ఎవరి దగ్గరా మిగల్లేదు. పోయినేడు ఆ ఊళ్లో ఎవరికీ పంట రాలేదు. ఒలిచిన ఆ గింజలే కుండలో పోసి, మూత పెట్టి, బూడిద చల్లి ఉంచారు. అవే విత్తుతారు.

"నీకు తెలిసిందని అమ్మకు చెప్పను," అని చివర.

మొలవకపోతే ఏడాదంతా వాళ్ల కూరలో ఏముంటుంది? అమ్ముకోవడానికి ఏముంటుంది? నేను అక్కడ లేను. ఉంటే కనీసం ఆ వాకిట్లో కూర్చుని తిట్టించుకునేదాన్ని. ఆమె తిట్టదు. అది ఇంకా కష్టం.

అక్టోబరు 27

ఓబులేసన్న. గొర్రెలు కాసే మనిషి, పక్షవాతం వచ్చి మూడు నెలలు. చెయ్యి అచ్చం ఎస్నాత్ చెయ్యే. తనే సంచిలో కాయలు తెచ్చుకున్నాడు— పోయినవారం నేనే చెప్పానట.

"ఇవి విత్తనానికి పెట్టుకున్నవా అన్నా?"

"యాడి ఇత్తనం మేడమ్? అంగట్లో కొన్న్యా. ఒలిచేది నేను, తినేది మా ఆడది."

నవ్వాను. ఒలిపించాను. టప్. టప్. ఆ శబ్దానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నొప్పి నాకైతే నువ్వేడుస్తాండావేం మేడమ్మా," అన్నాడు.

నవంబరు 2, ఆదివారం

నాయనకు చెప్పేశాను, మొత్తం. తిడతాడనుకున్నాను. వెలిగించబోయిన బీడీ తీసి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్లయింది ఒలిచి?"

"జూలైలో మొదలు. ఆగస్టు దాకా."

"మట్టి కుండలోనా? బూడిద చల్లినారా?"

"చల్లారంట."

లేచి లోపలికి పోయాడు. మిట్ట మీది చేనుకని జూన్‌లో ఒలిచి, వాన రాక విత్తకుండా మిగిలిన గింజలు డబ్బాలో ఉన్నాయి. పది ఏరాడు. తడి గోనెపట్టలో పేర్చి, చుట్టి, నీళ్లు పోసుకునే జాలాడి పక్కన నీడన పెట్టాడు.

"ఇవి వాటికంటే పాతవి. ఇవి మొలిస్తే అవీ మొలుస్తాయి."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది. అయినా పట్టుకుంటున్నాను.

నవంబరు 4

పట్ట తడిపాను. విప్పి చూడబోతే కేకేశాడు. "గడియగడియకీ కెలికితే ఏ ఇత్తనమూ మొలవదు."

నవంబరు 7

విప్పాం. ఆరు మొలిచాయి. నాలుగు మెత్తబడి వాసనేస్తున్నాయి.

ఆరు! నాకు ఎగరాలనిపించింది. నాయన మాత్రం ఆ నాలుగింటినే చూస్తున్నాడు. "సగానికి సగమని పెట్టుకో. గుంతకు రెండేయల్ల. రెండిట్లో ఒకటన్నా లేస్తాది."

నవంబరు 8

మెసేజు నేను రాస్తానంటే ఒప్పుకోలేదు. తెలుగులోనే తనే మాట్లాడతాడట. ఫోను నోటికి ఆనించుకుని, పొలం అవతలి మనిషిని పిలిచినంత గట్టిగా—

"అమ్మా మెర్సీ, సునంద నాయన మాట్లాడతాండా. గుంతకు ఒకటి కాదు, రెండేయండి. తొలి వానకే ఆశపడగాకండి, నేల బాగా నాననీండి. ఏసినాక కాలితో అదమండి. మీ అమ్మకు చెప్పు తల్లీ, తప్పు మా పాపది. తెలిసీ చేసినాది. మీరు నోరు తెరిచి చెప్పుంటే బాగుండు, అదీ తప్పే."

కింద ఇంగ్లీషులో రాశాను. తప్పు మా పాపది— ఆ ఒక్కటి వదిలేశాను. అరగంట అటూ ఇటూ తిరిగి, అదీ రాసి పంపాను.

నవంబరు 9

మెర్సీ జవాబు: తల్లికి అంతా వినిపించిందట. మాట అర్థం కాకపోయినా ఎస్నాత్ మూడుసార్లు పెట్టించుకుని విన్నదట. మీ నాన్న గొంతు బాగుంది, కోపంగా ఉన్నట్టుంది, మంచిమనిషే అయ్యుంటాడు అందట. గుంతకు రెండు వేస్తే సగం చేనే వస్తుంది కదా అంటే— "చెయ్యి సగమే వచ్చింది. చేను కూడా సగమే చాలు" అని నవ్విందట.

ఆ నవ్వు నాకు తెలుసు. ముందుపన్ను ఒకటి లేదు. ఎంత బెంగగా ఉంది నాకు ఆ నవ్వు మీద.

నవంబరు 15

బృందం పెద్దావిడ మెయిలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మళ్లీ రాగలవా, అదే ఊళ్లు. డిసెంబరు పదిలోగా చెప్పమంది. వస్తానని టైపు చేశాను. పంపలేదు. ఎండిపోయిన చేను పక్కన ఏ ముఖంతో కూర్చుంటాను? తుడిపేశాను. మళ్లీ టైపు చేశాను.

నవంబరు 22

వాన లేదట అక్కడ. ఇక్కడా లేదు. పెన్నలో పొద్దంతా దుమ్ము. ఫోన్లో రెండు ఊళ్ల వాతావరణమూ పక్కపక్కనే పెట్టుకుని చూస్తున్నాను, పిచ్చిదానిలా.

నవంబరు 29

పడింది! మెర్సీ నాలుగు సెకన్ల శబ్దం పంపింది. రేకుల మీద వాన, అంతే. నాయన చెవికి పెట్టాను. కళ్లు మూసుకున్నాడు. "మంచి వానే. ఇంకొకటి పడనీ," అన్నాడు.

డిసెంబరు 1

ఇంకొకటి పడింది. విత్తారు. గుంతకు రెండు. ఎస్నాత్ తనే వేసిందట, ఎడమచేత్తో, ఒక్కో గింజా. మధ్యాహ్నం దాకా పట్టిందట. ఎవరినీ ముట్టనివ్వలేదట.

డిసెంబరు 6

ఐదో రోజు. ఏమీ ఉండదు ఐదో రోజుకి. తెలిసీ చూస్తున్నాను.

నా పెట్టె మీద గుడ్డసంచి. గోనెపట్ట మీద ఏరిన కాయలే, ఒలవనివి, మూతి కుట్టేసి. నేను పోతానో లేదో ఎవరికీ చెప్పలేదు.

"ఈసారి ఒలవకుండా తీస్కపో," అన్నాడు నాయన. "ఆ తల్లికి ఇయ్యి."

విత్తనాలు దేశం దాటనివ్వరు, విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు. చెప్పాలి ఆయనకు. ఏడాదంతా చెట్టుకు నాలుగు కాయలు, అందులో మంచివి ఏరి... చెప్పలేకపోయాను. సంచి పెట్టెలో పెట్టాను.

డిసెంబరు 8

కరెంటు లేదట వాళ్లకు. మెర్సీ ఫోను రెండ్రోజులుగా ఆఫ్.

డిసెంబరు 10

మెయిలుకు జవాబు ఈరోజే పంపాలి.

మధ్యాహ్నం, ఓబులేసన్న చెయ్యి పట్టుకుని ఉండగా ఫోటో వచ్చింది. ఒక్కటే. మాట లేదు. మసకగా ఉంది, చెయ్యి కదిలినట్టుంది మెర్సీది. తడి ఎర్రమట్టి, బోదె, దాని మీద పచ్చగా ఒక చుక్క. పక్కన ఆ చుక్కను చూపిస్తూ ఒక చెయ్యి.

సాయంత్రం నాయన కళ్లద్దాలు తుడుచుకుని, తుడుచుకుని చూశాడు. "శెనక్కాయే కావచ్చు. గడ్డీ కావచ్చు. ఇంకో రెండాకులు ఏస్తే గానీ చెప్పలేం పాపా."

నాకు చుక్క కనపడటం లేదు. ఆ చెయ్యే చూస్తున్నాను. మణికట్టుకు రాగి కడియం. ఎస్నాత్ అది తొడిగేది ఎడమచేతికే. నాలుగు వేళ్లూ లోపలికి ముడిచి, చూపుడువేలు ఒక్కటే ముందుకు చాపి ఉంది, వంకర లేకుండా. నేను అన్నాళ్లు పట్టుకుని కూర్చున్నా ఆ వేలు అలా ఎప్పుడూ చాపలేదు.

ఇంకో ఫోటో పెట్టమని రాశాను. ఒక్క టిక్కే పడింది, ఇంకా చేరలేదు. మెయిలు తెరిచి కూర్చున్నాను.