ఆ బండిలోనే వస్తాను

గోదావరిఖని,
22 ఏప్రిల్ 2009

మా వీరేందరన్నకు,

చెల్లె రాజకుమారి నమస్కారాలు. వదినకు, పెళ్లికూతురు రమకు నా దీవెనలు.

పదో తరగతి పరీక్ష రాసిన తర్వాత నేను ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. మనకు ఫోన్లున్నాయి, నిజమే. కానీ ఫోన్లో నువ్వు మొదలుపెడితే నాకు నోరు పెగలదు. నీ గొంతు పెరిగేకొద్దీ నా గొంతు తగ్గుతుంది. చివరికి సరే అని పెట్టేస్తాను. మొన్న ఆదివారం కూడా అంతే జరిగింది. రమ పెళ్లికి ఆ బండి తీసుకురావద్దన్నావు. ఆ పెట్టె మోయడం మానుకుంటేనే మేనత్తగా పెళ్లి పందిట్లోకి తెచ్చే ఐరేని కుండలు నా తలకెత్తుతామన్నావు. లేకపోతే వదిన వాళ్ల చెల్లెలు కుమ్మరి ఇంటి నుంచి తెస్తుందన్నావు. నేను సరే అన్నాను. ఆ సరేను ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. అందుకే పెన్ను పట్టాను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డుపడలేవు.

ఆ పెట్టె సంగతి నీకు మీ బావ చెప్పినట్టే తెలుసు. నేను చెప్పేది కూడా విను.

పదకొండేళ్ల కింద, మే నెలలో, నేను మా భజన మండలి వాళ్లతో కాశీలో ఉన్నాను. మనల్ని కన్న అవ్వ పోయిందని నువ్వు ధర్మశాలకు చేసిన ఫోన్ నాకు అందేసరికి మధ్యాహ్నమైంది. దొరికిన రైలెక్కి, రెండో రోజు సాయంత్రానికి బెల్లంపల్లి స్టేషన్లో దిగాను. చేతిలో మూత అతికించిన గంగ చెంబు ఉంది. చివరి గడియలో నోట్లో పోయడానికి తెమ్మని అవ్వే అడిగి పంపించింది. నేను వచ్చేసరికి ఇల్లంతా కడిగి ఉంది. నువ్వు తడి తువ్వాల భుజాన వేసుకుని అరుగు మీద కూర్చున్నావు. "ఎండకు ఆగలేదు చెల్లె. సోడా షాపుల దొరికినంత ఐసు తెచ్చిన. రెండు గడ్డలు రెండు గంటల్ల నీళ్లయినై" అన్నావు. తెల్లారి ఆ గంగ నీళ్లు అవ్వ బూడిద మీద పోశాను. వెనక నుంచి మన చుట్టాలావిడ ఒకామె "బిడ్డ కాశికి పాయె, తల్లి కాటికి పాయె" అంటే ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

అది నీ తప్పని ఇప్పుడూ అనడం లేదు. అంత ఎండలో నువ్వేం చేస్తావు? కానీ పదకొండేళ్లుగా నేను పూజలో కళ్లు మూసుకుంటే దేవుని ముఖం కంటే ముందు అవ్వ ముఖం వెతుక్కుంటున్నాను. బతికున్నప్పటి ముఖాలు ఎన్నో ఉన్నాయి. చివరి ముఖం ఒక్కటే నా దగ్గర లేదు. ఈ మాట నీతో ఎన్నడూ చెప్పలేదు. మీ బావతో కూడా చెప్పలేదు.

పోయినేడు మా మండలి ఆడవాళ్లం చందాలు వేసుకుని ఫ్రీజర్ బాక్స్ కొన్నాం. ఏడడుగుల పెట్టె, పైన గాజుమూత, కాళ్ల వైపు మోటారు. ప్లగ్గు పెడితే లోపల చల్లబడుతుంది. దూరం నుంచి రావలసిన వాళ్లు వచ్చేదాకా పోయిన మనిషి చెడిపోకుండా ఉంటుంది. గుడి ఆవరణలో పెట్టుకోనివ్వలేదు కాబట్టి మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టాం. ఎవరడిగినా ఇస్తాం, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోం.

మొదట అడిగింది ఎనిమిదో ఇంక్లైన్ గని కాలనీలో ఒక కాంట్రాక్టు కార్మికుడు. వాళ్ల అమ్మ సమ్మవ్వ పోయింది. చెల్లెలు భివండి నుంచి రావాలి. ట్రాలీ ఆటో మాట్లాడాం. ఆటో అతను పెట్టెను చూసి కిందికి దిగనే లేదు. "అమ్మా, ఇయ్యాల అమాస. గిది ఎక్కిచ్చుకుంటే ఏడాది దాక నాకు గిరాకి రాదు" అని వెనక్కి తిప్పుకుని పోయాడు. ఇంకో ఇద్దరినీ పిలిస్తే వాళ్లదీ అదే మాట. పెట్టె ఎండలో ఉంది, సమ్మవ్వ ఎండలో ఉంది, మా సుమో మాత్రం వాకిట్లో నీడపట్టున ఉంది.

మీ బావ రిటైరైనప్పుడు ఇంటిల్లిపాదీ వేములవాడ, ధర్మపురి తిరగాలని కొన్న బండి అది. ముందు అద్దం మీద రాజన్న బొమ్మ ఉంది. నేను ఆ బొమ్మకు దండం పెట్టి మధ్య సీటు బోల్టులు విప్పించాను. వెనక ఎదురెదురు సీట్లు పైకి మడిపించాను. అయినా పెట్టె జానెడు బయటికే వచ్చింది. తలుపును తాడుతో కట్టించి, వెనక వచ్చే బండ్లకు కనబడేలా నా పాత ఎర్ర రవిక వేలాడదీశాను. భివండి నుంచి ఆ బిడ్డ వచ్చి గాజుమూత మీద రెండు చేతులు పెట్టి తల్లిని చూసుకుంటుంటే నేను గోడ పక్కకు పోయి నిలబడ్డాను.

మా డ్రైవర్ ముత్యం ఆ ఒక్కసారే తోలాడు. మర్నాడు తాళాలు తులసి గద్దె మీద పెట్టి, "పెద్దమ్మా, నాకు పిల్లను సూస్తున్నరు. గీ బండి తోలుతనంటే ఎవ్వలియ్యరు" అని పోయాడు. మా వీధిలో మొగిలి ఉన్నాడు, ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ తోలి రిటైరైన మనిషి. కొన్నాళ్లు ఆయన తోలాడు. తర్వాత ఒకరోజు, "నాకు కన్ను సరిగ కనవడ్తలేదక్కా. నువ్వే నేర్సుకో" అన్నాడు. నాకు యాభై ఏళ్లని గుర్తు చేశాను. "డంపర్ ముంగట గిది మేకపిల్ల. బియ్యం చెరిగినట్టు క్లచ్చు మెల్లగ ఇడువు. నీ మొగుని మీద కోపం బ్రేకు మీద సూపియ్యకు" అన్నాడు. కాలనీ గ్రౌండులో నేను స్టీరింగు పడితే క్రికెట్ ఆడే పిల్లలు వికెట్లు పీక్కుని ఉరికేవాళ్లు. లైసెన్సు వచ్చిందన్నా. ఫోటోలో బొట్టు ఒక్కటే బాగా పడింది.

మీ బావ నా మీద చేయి చేసుకోలేదు, ఆ మాట చెప్పాలి. ఒక్కసారే అడిగాడు. "పొద్దుగాల సుందరకాండ సదువుతవు. పగటీలి శవాల పెట్టె మోస్తవు. ఏంది నీ భక్తి?" అన్నాడు. "రెండింటికీ తానం చేసే పోతున్న గద" అన్నాను. ఆ రోజు నుంచి ఆయన ఆ బండెక్కడం మానేశాడు. వాకిట్లో సుమో పెట్టుకుని బజారుకు ఆటోలో పోతున్నాడు. వీధిలో వాళ్లు ఆయనను "ఏం సదన్నా, బండి ఖరాబైందా" అని అడిగితే తల ఊపుతాడు. నన్ను మార్చలేక, నువ్వైతే మారుస్తావని నీకు ఫోన్ చేశాడు.

మైల అంటున్నావు. మైల నాకు తెలియదా అన్నా? ఇంటికి రాగానే తల మీద నుంచి నీళ్లు పోసుకుంటాను. బండిని పసుపు నీళ్లతో కడుగుతాను. తడి చీరతోనే దీపం ముట్టిస్తాను. ఆ దీపం ఒక్కనాడు కూడా నా చేతిలో ఆరిపోలేదు. దేవుడు నన్ను వద్దనలేదు. వద్దంటున్నది మీరే. కొత్త పెళ్లికూతురు ఎక్కరాని బండి అంటున్నావు. రమను ఎక్కించమని నేను అడగడం లేదు. అది నీ బిడ్డ, నీ ఇష్టం. కానీ నా చేతిలోంచి ఆ తాళాలు తీసుకోవడానికి ఐరేని కుండలు అడ్డం పెడితే మాత్రం నేను ఒప్పుకోను. పుట్టింటి కోసం అన్నీ ఒదులుకున్న ఆడవాళ్లను చూశాను. నేను కూడా చాలా ఒదులుకున్నాను. ఇది ఒదలను.

పెళ్లికి వస్తాను. ఆ బండిలోనే వస్తాను. పెట్టె షెడ్డులోనే ఉంటుంది, నేనొక్కదాన్నే వస్తాను. కుండలు ఇస్తే ఎత్తుకుంటాను. ఇవ్వకపోతే అక్షింతలు వేసి వెళ్లిపోతాను.

నీ చెల్లె,
రాజకుమారి


గోదావరిఖని,
12 జూలై 2009

అన్నకు,

నేను అలిగి పోయానని బెల్లంపల్లిలో అందరికీ చెప్తున్నావట. అలగలేదు. పెళ్లినాడు గేటు దగ్గర నువ్వు "చెల్లె, బండి స్టేషన్ కాడ పెట్టి నడిసి రా" అన్నావు. "బండి ఈడనే ఉంటదన్నా. నేను గూడ ఈడనే ఉంట" అన్నాను. చిన్నప్పటి నుంచీ నీతో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. నువ్వు కూడా నమ్మలేనట్టు చూశావు. బాజాలతో కుండలు నా ముందు నుంచే లోపలికి పోయాయి. వదిన వాళ్ల చెల్లెలు నా వైపు చూడలేదు, కుండ కదులుతుందని కాబోలు. జీలకర్ర బెల్లం వేళకు గేటు దగ్గరి నుంచే అక్షింతలు విసిరాను. రమ మీద పడి ఉండవు. గోదావరి వంతెన మీద ఒక పక్కకు ఆపి కాసేపు ఏడ్చాను. తర్వాత మళ్లీ గేరు వేసుకుని వచ్చాను. ఏడ్చినంత మాత్రాన తప్పు చేశానని అనుకోలేదు.

ఈ ఉత్తరం దాని కోసం రాయడం లేదు. ఆషాఢానికి పుట్టింటికి వచ్చిన రమను నాలుగు రోజులు నా దగ్గరికి పంపావు. వదినకు ఇష్టం లేకుండానే పంపావని రమ చెప్పింది. సంతోషం. అయితే మూడో రోజు జరిగింది రమ నీకు చెప్పి ఉండదు. నేను చెప్పాలి.

కమాన్‌పూర్ పక్క ఊరి నుంచి ఫోన్ వచ్చింది. పోశవ్వ అనే చిన్న వయసు మనిషి పోయింది. మొగుడు మస్కట్ నుంచి రావాలి, మర్నాటికి గాని రాలేడు. మొగిలి, ఇంకో ఇద్దరు పెట్టె ఎక్కించారు. నేను తాళాలు తీసుకుని వచ్చేసరికి రమ ముందు సీట్లో కూర్చుని ఉంది. పచ్చటి పుస్తెల తాడు, చేతుల నిండా గాజులు, కాళ్లకు ఇంకా పారాణి జాడ. ఒళ్లో స్టెబిలైజర్ పెట్టుకుంది.

"దిగు బిడ్డా. కొత్త పెళ్లికూతురివి. నువ్వు గిది ఎక్కద్దు" అన్నాను.

"మరి నువ్వెట్ల ఎక్కుతున్నవు అత్తమ్మా?"

"నా సంగతి యేరు."

"ఏం యేరు? నీ మెడల పుస్తెలు లేవా?"

ఆ "దిగు" అన్నది నేను కాదన్నా, నువ్వు. గేటు దగ్గర నువ్వు ఎందుకు అంత బిగుసుకుని నిలబడ్డావో నాకు ఆ నిమిషంలో తెలిసింది. నా మీద కోపం కాదు, ఆ పిల్లకేమైనా అవుతుందేమోనని భయం. అదే భయం నాకు కూడా ఉంది. ఇరవై మూడు ఇళ్లకు ఆ పెట్టె మోసి కూడా ఉంది. ఇన్నాళ్లూ నాకు భయం లేదనుకున్నాను. నా ఒక్కదానికి మాత్రమే లేదన్నమాట.

కానీ నీకూ నాకూ తేడా కూడా అక్కడే ఉంది. భయపడ్డాను, అయినా నా సీట్లో కూర్చుని బండి స్టార్ట్ చేశాను. అప్పుడే మీ బావ లోపల నుంచి వచ్చాడు. రమను చూశాడు, నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. వెనక్కి పోయి తాడు లాగి చూసి, "గిట్ల కడితే మూలమలుపు కాడ ఊడుతది" అని విప్పి మళ్లీ గట్టిగా కట్టాడు. చేతులు కడుక్కుని లోపలికి పోయాడు. ఈనాటికీ ఆ బండెక్కడు.

ఆ ఊరు చేరేసరికి కరెంటు లేదు. పక్కనే బొగ్గు తవ్వుతారు, మా కాలనీలో ఫ్యాన్లు ఆగవు, ఆ ఊళ్లో మాత్రం పొద్దంతా కోత. నేను ఏంచెయ్యాలో తోచక నిలబడితే రమ టెంట్ హౌజు దాకా నడిచిపోయింది. జనరేటర్ రేపటి బోనాలకు మాట్లాడుకున్నదని అతనంటే, "బోనాలు రేపు గదన్నా. ఈమె మొగడు రేపు పొద్దుగాలనే వస్తడు. అప్పటిదాక మాకియ్యి" అని ఎదురుగా నిలబడి తెప్పించింది. నాకు అలా వాదించడం ఈ జన్మలో రాదు. రమ అది నీ దగ్గర నేర్చుకున్నదే.

మర్నాడు పోశవ్వ మొగుడు వచ్చాడు. బూట్లు విప్పడం మరిచిపోయి గాజుమూత పక్కన కూర్చున్నాడని వాళ్ల వాళ్లు ఫోన్లో చెప్పారు. రమ ఆ మాట విని బావి దగ్గరకు పోయి బండి సీటు కవర్లు ఉతికింది.

మంచిర్యాలలో రమ అత్తగారింటికి ఈ సంగతి తెలియదు. తన మొగునికి తనే చెప్తానంది, ఎప్పుడు చెప్పాలో తనకు తెలుసంది. అప్పటిదాకా మాట బయటికి పోకూడదు. అయినా నీకు రాశానంటే, నువ్వు ఆమె తండ్రివి కాబట్టి. నా బిడ్డను చెడగొట్టావని నువ్వు నన్ను అనుకో, పడతాను. కానీ ఎవరూ నేర్పలేదు, నేనైతే దిగమనే చెప్పాను. అది నీకు తెలియాలి.

దసరాకు వస్తాను. ఏ బండిలో వస్తానో నీకు తెలుసు.

ఈ కాగితాలు చింపకు. బీరువాలో భూమి పట్టాల కింద పెట్టుకో. ఎవరికీ చూపకు, వదినకు కూడా. ఎప్పుడైనా రమ మీద కోపమొస్తే మాత్రం నువ్వొక్కడివే తీసి చదువుకో.

నీ చెల్లె,
రాజకుమారి