రెండు లిపుల బారకు

1947 మే 6, నేమిలా

బోస్నా నది ఒడ్డున బారకుల్లో దిగాం. సరయెవో దాకా రైలు దారి మా కుర్రకారే వేయాలి, జీతం లేకుండా. మా బ్రిగేడ్‌లో సెర్బులనీ క్రొయేట్లనీ ముస్లింలనీ పేకముక్కల్లా కలిపేశారు. నా పై మంచం యాగిత్సది. ఆమె క్రొయేట్, నేను సెర్బు. యుద్ధంలో మా నాన్ననీ అన్ననీ చంపినవాళ్ల యాస. ఆమె ముట్టిన గరిట నేను ముట్టలేదు.

మే 7

మళ్లీ అదే గరిట. ఆకలి.

మే 21

మా పంతులమ్మ, కామ్రేడ్ రజియా, చదువురాని యాగిత్సకు అక్షరాలు నన్నే నేర్పమంది. చచ్చినా నేర్పనన్నాను. "మట్టి మోసే బల్లకి రెండు వైపులా మనుషులుండాలి కదే స్తానా, రెండోవైపు ఎవర్ని పిలుస్తావ్?" అంది.

కసిగా మా సిరిలిక్ లిపి మాత్రమే నేర్పుతున్నాను. వాళ్ల లాటిన్ నాకూ రాదు.

జూన్ 14

పిల్ల మొండిది. చేతులు బొబ్బలెక్కినా బొగ్గుతో చెక్క మీద రాస్తూనే ఉంటుంది. ఇవాళ గోడ మీది నినాదం చదివింది: సోదరభావం, ఐక్యత. "ఇంత పొడుగు మాటలేంటే తల్లీ, మధ్యలో నీళ్లు తాగాలి!" అంది. నవ్వేశాను. నవ్వినందుకు నా మీద నాకే కోపం.

జూలై 3

యాగిత్సకు వాళ్లమ్మ రాయించిన ఉత్తరం. లాటిన్‌లో. రజియా చదివి పెడతానంటే "నా ఉత్తరం నేనే చదువుకుంటా" అంది. రెండు లిపులూ ఈ దేశానివే, అందరూ రెండూ నేర్వాలన్నది సర్కారు మాట. ఇద్దరం పక్కపక్కన కూర్చుని రజియా దగ్గర లాటిన్ మొదలెట్టాం.

జూలై 11

వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివాం. వాళ్లన్న శవం దొరికిందట. యుద్ధంలో ఫాసిస్టుల మీద పోరాడిన పార్టిజాన్లకు రొట్టె పెట్టాడని ఊళ్లోవాళ్లే, సొంత జాతివాళ్లే, బావిలో తోసేశారు. మా నాన్ననీ అన్ననీ చంపిన ముఠాయే.

యాగిత్స ఏడవలేదు. "ఆఖరి మాట సరిగ్గానే చదివానా?" అని అడిగింది.

సరిగ్గానే చదివింది.

ఆగస్టు 30

చనిపోయినవాళ్ల గురించి ఇక్కడ ఎవరూ నోరు విప్పరు. చంపినవాడు "శత్రువు", అంతే. అది నాకు మింగుడుపడదు. కానీ ఈ ప్రభుత్వం ఉపన్యాసమిచ్చి పోలేదు. పార ఇచ్చింది, పలక ఇచ్చింది, మంచాలు పక్కపక్కన వేయించింది. ఇంకెవరు చేశారిది?

నవంబర్ 16

మేం వేసిన దారి మీద తొలి రైలు కదిలింది. అరిచి అరిచి గొంతు పోయింది. యాగిత్స మా ఊరొస్తానంది. అమ్మ ఇంకా సంతాపపు నల్లబట్టల్లోనే ఉంది. ఏం చెప్పను?

నవంబర్ 19

మా ఇల్లు చేరాం. తానెవరో యాగిత్స అమ్మ దగ్గర దాచలేదు. అమ్మ చేతిలో పని వదిలేసి పెరట్లోకి వెళ్లిపోయింది.

నవంబర్ 20

పొద్దున్నే అమ్మ కేక: "అమ్మాయిలూ, లేవండి, పాలు చల్లారిపోతున్నాయి."