నా కుట్లు విప్పిన సంగతి

నేటా వదినకి,

కోపంతో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదువు. మంగళవారం చర్చి కింది గదిలో బొంత కుట్టడం అయ్యాక ఇంటికి బయలుదేరి, కంటి చుక్కల మందు మర్చిపోయానని వెనక్కి వచ్చాను. మెట్ల మీదే నీ గొంతు వినబడింది.

"మా ఆడపడుచు కుట్టిన మూల చూడండే, కోడి గీకినట్టుంది! కత్తెర ఇటివ్వండి, విప్పేసి మళ్ళీ కుడదాం. పాపం, ఆవిడకి చెప్పకండేం!"

అందరూ కిసుక్కున నవ్వారు.

కొత్తగా చేరిన పిల్లల కుట్లు వాళ్ళు వెళ్ళాక విప్పడం మనకి మామూలే. నలభై ఏళ్ళుగా నేనూ విప్పాను, నేనూ నవ్వాను. నా కుట్లకీ ఆ గతి పడుతుందనుకోలేదు.

కళ్ళకి లేజర్ చేయించుకుని పదకొండు వారాలైంది. వారంలో సూదిలో దారం ఎక్కిస్తారన్న విన్నిపెగ్ డాక్టరు ఇప్పుడు "ఓపిక పట్టండమ్మా, కొందరికి ఆలస్యమవుతుంది" అంటున్నాడు. సూది రెండుగా కనిపిస్తోంది. ఇలాగే ఉండిపోతుందేమోనని అన్నీ భయాలే, తిండి సయించడం లేదు. పాత కళ్ళద్దాలే నయమేమో.

నువ్వు వారం వారం "కుట్టు బాగా కుదిరింది" అంటుంటే చూపు తిరిగొస్తోందని నమ్మాను. డాక్టరుకీ అదే చెప్పాను వదినా! అయితే మెల్లగా నయమవుతోందిలెమ్మని ఆయన నన్ను రెండు నెలల దాకా రావద్దన్నాడు. ఇది నవ్వులాటా?

రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్తాను. మంగళవారం నా కుర్చీ తియ్యకు, వస్తాను. విప్పాలనుకుంటే నా ముందే విప్పు. ఏ కుట్టు వంకరపోయిందో నా వేలు పట్టుకుని చూపించు.

నీ ఆడపడుచు