బ్రేకు తీసుకున్న మనవరాలు

పూజ్యులైన తాతయ్యకు,

మనవరాలు నమస్కరించి రాయునది. ఫోనులో నీకు సరిగ్గా వినపడదు. నేను అరిచి చెబితే పక్కగదుల వాళ్ళు వచ్చి తలుపు కొడతారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు కుర్చీలో కూర్చో. బీమా ఆఫీసులో పని మానేశాను. రోజంతా చెవికి ఆ యంత్రం తగిలించుకుని జనం తిట్లు వినడం, విన్నాక 'మీ సహనానికి ధన్యవాదాలు' అనడం, అదీ నా ఉద్యోగం. కిందటి నెల అమ్మ ఫోను చేసి అన్నం తిన్నావా అని అడిగితే, 'మీ అభ్యర్థన నమోదు చేసుకున్నాం' అన్నాను. అమ్మ నవ్వింది కానీ నాకు మాత్రం ఒళ్ళు చల్లబడింది.

అందుకని బ్రేక్ తీసుకున్నాను. ఇప్పుడు ఒక కొండ ఊళ్ళో ఉన్నాను. ఇక్కడి లాడ్జిలో వచ్చేపోయే వాళ్ళకు తాళాలు ఇస్తాను, దుప్పట్లు మడతపెడతాను. దానికి బదులుగా నాకో మంచం, రెండు పూటలా తిండి. ఎన్నాళ్ళో తెలియదు. తప్పు చేశానంటావా?

ఇట్లు,
నీ మనవరాలు

తా.క. నాన్నకు చెప్పకు. తిడితే భరించగలను. ఆయన తిట్టడు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. అది చూడలేను.

*

చిరంజీవి మనవరాలికి,

తాతయ్య ఆశీర్వదించి రాయునది. బంగారుతల్లీ, ఉత్తరం అందింది. ఆఫీసు మానేసి బ్రేకు తీసుకున్నావని తెలిసి కడుపు నిండిపోయింది. మన ఇంట్లో ఒక్కరైనా ఈ దారికి వస్తారని ఎంతకాలం ఎదురుచూశానో నీకు తెలియదు. మీ మావయ్య సబ్బుల వ్యాపారంలోకి పోయాడు. మీ అమ్మకు నా చొక్కా వాసనే పడదు.

లోకమంతా ఇంజను చుట్టూ తిరుగుతుంది. పరిగెత్తడం గాడిదకూ వచ్చు. ఆగాల్సిన చోట ఆగడమే విద్య. కొండ ఊరు ఎంచుకోవడం నీ తెలివి. బ్రేకు సత్తా తేలేది దిగుడులోనే. అయితే ఒకటి గుర్తుపెట్టుకో. దిగేటప్పుడు అదే పనిగా తొక్కిపట్టి కూర్చోకు, వేడెక్కి పట్టు వదిలేస్తుంది. జోరు ముందే తగ్గించుకో.

ఇట్లు,
తాతయ్య

తా.క. పాత దుమ్ము నోటితో ఊదకు, ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది. తడిగుడ్డతో నెమ్మదిగా తుడిచెయ్యి.

*

పూజ్యులైన తాతయ్యకు,

మనవరాలు నమస్కరించి రాయునది. నువ్వు గ్యారేజీలో బస్సులు బాగుచేశావని తెలుసు కానీ, ఇంత వేదాంతివని మాకెవరికీ తెలియదు. నీ ఉత్తరం లాడ్జిలో అందరికీ చదివి వినిపించాను. ఇక్కడ నాలాగే బ్రేక్‌లో ఉన్నవాళ్ళు చాలామంది. బ్యాంకు వదిలేసిన అమ్మాయి 'పరిగెత్తడం గాడిదకూ వచ్చు' అని పెద్ద అక్షరాలతో రాసి గుమ్మానికి అంటించింది. దాన్ని చూసి ఒకాయన అలిగి గది ఖాళీ చేశాడు. ఒక లెక్కల మాస్టారు నీ తా.క. విని ఏడ్చేశాడు. దుమ్మంటే పాత కక్షలట. వెంటనే తమ్ముడికి ఉత్తరం రాసుకున్నాడు.

వాళ్ళంతా నీకు రాస్తామంటే చిరునామా ఇచ్చాను, కోప్పడకు.

నాకూ ఒక సందేహం. కొన్ని రోజులు పొద్దున్నే లోపల ఏదో కీచుమంటున్నట్టు ఉంటుంది. బయటికి అంతా బాగానే ఉంటుంది. దానికితోడు పాత ఆఫీసువాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారు, పెద్ద కుర్చీ ఇస్తారట. ఆ కబురు వచ్చిన రోజు ఆ చప్పుడు ఇంకా పెరిగింది. ఏం చెయ్యను?

ఇట్లు,
నీ మనవరాలు

తా.క. బ్యాంకు అమ్మాయి అడగమంది: ఒక మనిషికి బ్రేక్ ఎంతకాలం ఉండాలి?

*

చిరంజీవి మనవరాలికి,

తాతయ్య ఆశీర్వదించి రాయునది. మీ వాళ్ళ ఉత్తరాలు రోజూ వస్తున్నాయి. ఇంతమంది బ్రేకుల మీదే ఉన్నారంటే మీది చాలా పెద్ద షెడ్డు అయి ఉండాలి. ఆ అమ్మాయికి చెప్పు, ఎంతకాలమన్నది మోసే బరువును బట్టి ఉంటుంది. ఎక్కువ బరువు వేసుకుని చూసుకోకుండా తోలేవాడికి ఊరికే అరిగిపోతుంది.

కీచుమందంటే లోపల అరిగిందని అర్థం. పాట పెద్దగా పెట్టుకుని ఆ చప్పుడు దాచేవాళ్ళను చాలామందిని చూశాను. అలా చెయ్యకు. ఒకచోట నిలబెట్టి, విప్పి చూడు. అరిగింది తీసెయ్యి. కొత్తది మొదట్లో సరిగ్గా పట్టదు, కంగారుపడకు, మెల్లగా నడిపితే అదే ఒరుసుకుని సర్దుకుంటుంది. కుడీ ఎడమా సమానంగా బిగించు, లేకపోతే ఒక పక్కకు లాగేస్తుంది.

పెద్ద కుర్చీ సంగతి నాకు తెలియదు. నేను ఎప్పుడూ కింద పడుకునే పని చేశాను.

ఇట్లు,
తాతయ్య

తా.క. భార్య గొంతు వినపడగానే ఎక్కడివాడినక్కడ ఆగిపోతున్నానని మీ లెక్కల మాస్టారు రాశాడు. బ్రేకు బాగానే ఉందని చెప్పు.

ఇంకో తా.క. ఇష్టం లేని ఉద్యోగానికి వద్దని రాసెయ్యి. ఎవరో చిన్నబుచ్చుకుంటారని ఒప్పుకోకు.

*

పూజ్యులైన తాతయ్యకు,

మనవరాలు నమస్కరించి రాయునది. నీ రెండో తా.క. పదిసార్లు చదువుకుని, ఆఫీసుకు రానని రాసేశాను. ఆ రోజు నిద్ర బాగా పట్టింది.

తరవాత జరిగింది చెబుతాను. మొన్న సంతకు వెళ్ళి బస్సులో తిరిగి వస్తుంటే, దిగుడులో చక్రాలు కీచుమన్నాయి. డ్రైవరు బస్సు పక్కకు తీసి ఆపేశాడు. జనం ఆయన మీద విరుచుకుపడ్డారు. నాకు తిట్లు కొత్త కాదు కదా, లేచి ఒక్కొక్కరి మాటా విన్నాను. ముసలామెను నీడలో కూర్చోబెట్టాను, పెళ్ళిచూపులకు వెళుతున్నవాణ్ణి వెనక వచ్చే లారీ ఎక్కించాను. అందరూ సర్దుకున్నాక, ధైర్యం చెబుదామని డ్రైవరుకు నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన లాక్కుని తనే చదువుకున్నాడు. 'ఈ పెద్దాయన ఏ గ్యారేజీలో చేశారమ్మా?' అని అడిగి, చక్రం విప్పి, దుమ్ము తుడిచి, రెండు పక్కలా సమానంగా బిగించాడు. బస్సు చక్కగా కిందికి దిగింది. నేను మాత్రం సీట్లో కూలబడిపోయాను.

తాతయ్యా, నేను తీసుకున్నది ఆ బ్రేకు కాదు. ఉద్యోగం మానేసి కొంతకాలం ఊరికే ఉండటాన్ని మేము బ్రేక్ అంటాం. నాకు షెడ్డు లేదు, స్పానరు పట్టడం కూడా రాదు. నువ్వు చెప్పింది జీవితం గురించనుకుని పాటించాను. అన్నీ పనిచేశాయి, అదే విచిత్రం.

ఆ బస్సుల యజమానురాలు జరిగింది విని నన్ను కండక్టరుగా రమ్మంది. ఒప్పుకున్నాను. చాలాకాలానికి ఒక పనికి నవ్వుతూ వెళుతున్నాను. నిన్ను ఆశపెట్టి మోసం చేసినట్టయింది, క్షమించు.

ఇట్లు,
నీ మనవరాలు

తా.క. నాన్నకు మాత్రం ఇంకా చెప్పకు. కండక్టరని వింటే తుడిచి తుడిచి కళ్ళజోడు అద్దాలు అరగదీస్తాడు.

*

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఈ పేరు చూసి కంగారుపడకు.

మీ తాతయ్యకు రెండు కళ్ళకూ ఆపరేషను అయింది. ఇప్పుడు బాగానే ఉన్నారు, కానీ ఇంకొన్నాళ్ళు చదవకూడదు, రాయకూడదు. రోజూ సాయంత్రం వెళ్ళి చుక్కలు వేసేది నేనే. నీ మొదటి ఉత్తరం చదివిపెట్టమన్నారు. చదువుతూ చదువుతూ 'నాన్నకు చెప్పకు' దగ్గరికి వచ్చాను. అదీ చదివేశాను. ఆయన కాసేపు ఆలోచించి, పిల్లకు మాట ఇచ్చినట్టే కాబట్టి నాకు చెప్పనన్నారు. ఆ మాట తప్పలేదు. ఇన్నాళ్ళలో నాతో ఒక్క ముక్క చెప్పలేదు, ప్రతి ఉత్తరం నాతోనే చదివించుకున్నారు.

కళ్ళ సంగతి తెలిస్తే నువ్వు పని వదిలి పరిగెత్తుకొస్తావని, నా రాత గుర్తుపట్టకుండా ఎడమచేత్తో రాయమన్నారు. నీ బ్రేక్ ఏమిటో నాకు మొదటి రోజే తెలుసు. వివరించబోతే, బ్రేకుల గురించి తనకు చెప్పేవాడివా అన్నారు. ఆ తరవాత నేనూ ఊరుకున్నాను. నాతో ఫోనులో 'బాగున్నాను నాన్నా' తప్ప ఇంకో మాట మాట్లాడవు. ఆయన పేరు మీద అయితే నీ సంగతులన్నీ వినగలుగుతున్నాను. ఆ ఆశతోనే అలా రాస్తూ పోయాను. నువ్వు పదిసార్లు చదువుకున్న ఆ రెండో తా.క. మాత్రం ఆయన చెప్పింది కాదు. అప్పటికి ఆయన నిద్రపోయారు.

నిన్న నీ చివరి ఉత్తరం చదివాను. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"ఇంతకీ ఆ బస్సు ఆగిందా?"

"చక్కగా ఆగిందటండీ."

"మరింకేం? నేను చెప్పినదాంట్లో తప్పేం లేదు."

కండక్టరు పని చూడటానికి వచ్చే నెల నేనే వస్తున్నాను. టికెట్టు కొనుక్కునే ఎక్కుతాను. ఎడమచేత్తో 'బంగారుతల్లీ' అని ఎన్నిసార్లు రాశానో. కుడిచేత్తో ఎప్పుడూ రాయలేదు, ఎందుకో చెయ్యి ఆడేది కాదు. ఈ ఉత్తరం కుడిచేత్తోనే రాస్తున్నాను, బంగారుతల్లీ.

ఇట్లు,
నాన్న

తా.క. మీ లాడ్జి నుంచి ఎవరో కుర్రాడు ఇస్త్రీ చొక్కాతో తాతయ్యను వెతుక్కుంటూ వచ్చాడు. జీవితానికి దారి చూపమన్నాడు. తాతయ్య అతన్ని వీధి చివర షెడ్డులో బాగుచేస్తున్న లారీ కిందికి పంపి, మెకానిక్కుకు దీపం పట్టుకోమన్నారు. సాయంత్రానికి నల్లగా బయటికి వచ్చి, మనసు ఇంత తేలికగా ఎప్పుడూ లేదన్నాడు. రేపు స్నేహితులను కూడా తెస్తాడట. తాతయ్య ఇంకో రెండు లారీలు వెతకమని నన్ను పంపారు.