వనజను పది నిమిషాలు కూర్చోబెట్టడం

ఫిబ్రవరి 1, ఉదయం 6:00
లూప్ పెడల్ వచ్చేసింది! కాలితో ఒక నొక్కు నొక్కితే గిటార్ మీద వాయించింది పట్టేస్తుంది. ఇంకో నొక్కుకి దాన్నే తిప్పి తిప్పి వినిపిస్తుంది. దాని మీద ఇంకో వరస వాయించొచ్చు, ఆపైన ఇంకోటి. తాళం అక్కర్లేదు, పాట అక్కర్లేదు. అప్పటికప్పుడు తోచింది వాయిస్తూ పోవడమే. వనపర్తి మొత్తంలో ఈ సంగీతం చేసేది నేనొక్కణ్ణే. విత్తనాల షాపు వాడికి ఇదంతా ఎందుకని అడిగేవాళ్లు అడగనీ.

తీర్మానం: రోజూ ఆరింటికి, వెనక గదిలో, ఒక కొత్త వరస. వాయించింది చెరపకూడదు.

నా భార్య వనజ పందెం కాసింది. "నెలాఖరుకు నన్ను పది నిమిషాలు కూసోబెట్టి వినిపియ్యి. మధ్యల లేచిన్నంటే గది నాది. నా కుట్టుమిషన్ లోపలికొస్తది." ఆమె మిషన్ వరండాలో, దుమ్ములో ఉంది. ఉండనీ. ఓడిపోయేది నేనా!

ఫిబ్రవరి 2
అద్భుతం!! ఒకే తీగ, పొరలు పొరలుగా. నాకే కళ్లు చెమర్చాయి. వనజ గుమ్మంలో నిలబడి వింది. "ఇంక పాట షురూ కాలేదా?" అంది. అయిపోయిందని చెప్పలేదు.

ఫిబ్రవరి 4
పక్కింటి సాయన్న మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చాడు. "మీ బోరు మోటర్ బేరింగ్ పోయినట్టుంది తమ్మీ. పొద్దుగాల్నుంచి గుయ్యిమంటున్నది." "మోటర్ కాదన్నా, సంగీతం" అన్నాను. మెకానిక్ నమ్మలేదు. మోటర్ విప్పి చూశాడు.

ఫిబ్రవరి 5
చిన్న సవరణ: బాగాలేనివి చెరపొచ్చు.
అన్నీ చెరిపాను.

ఫిబ్రవరి 11
వారం నుంచి షాపులో రద్దీ. (విత్తనాల కాలం కాదు. అయినా రద్దీ.) సరే, ఫోన్లో పెడల్ వీడియోలు చూశాను. చూడటం కూడా సాధనే.

ఫిబ్రవరి 12
పిచ్చుకల కూత పట్టుకుందామని పెడల్‌కు మైకు తగిలించి కిటికీ తెరిచాను. నొక్కానో లేదో, వాకిట్లో వనజ గొంతెత్తింది: "నల్లా వచ్చిందీ!" కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఆమె కేక వింటేనే మా సందంతా బిందెలతో ఉరుకుతుంది. పిచ్చుకలు పడలేదు, కేక పడింది. అబ్బ, ఏం గొంతు! ఇది చెరపలేదు.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం
ఆ కేక పెట్టి, దాని మీద గిటార్ వాయించాను. స్పీకర్ కాస్త పెంచాను. తలెత్తి చూస్తే సందంతా నల్లాల ముందు! నల్లాల్లో గాలి కూడా లేదు. ఎదురింటి జోగులమ్మక్క ఖాళీ బిందె చంకన పెట్టుకుని కిటికీ దగ్గరికొచ్చింది. "పొయ్యి మీద కూర ఇడిసిపెట్టి ఉరికొచ్చిన నాగేశూ! పరాచకాలా?"

వనజ నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయను.

ఫిబ్రవరి 14
ఈరోజు నీళ్లు నిజంగానే వచ్చాయి. వనజ అరిచింది. ఒక్కరూ బయటికి రాలేదు! మళ్లీ నా పెడలే అనుకున్నారట. మా ఇల్లు తప్ప ఎవరికీ చుక్క దొరకలేదు. సాయంత్రం మా వాకిట్లో పంచాయితీ. తీర్పు: ఇకపై నల్లా వచ్చినప్పుడు నేనే గడప గడపకూ తిరిగి చెప్పాలి.

"నీ మొకం అయితే మిషన్ల నుంచి రాదు గద" అన్నాడు సాయన్న.

నల్లా వచ్చేది ఆరింటికి. నా సాధనా ఆరింటికే! కళాకారుడికి ఎన్ని కష్టాలు.

ఫిబ్రవరి 21
నల్లా ఉన్న రోజు గడపలు. లేని రోజు, తిరిగిన అలసటకు నిద్ర.

ఫిబ్రవరి 27
రేపే పరీక్ష. చేతిలో ఒక్క వరస లేదు. జ్వరం వచ్చినట్టుందని చెప్పాను. వనజ నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. "సల్లగనే ఉన్నవ్. రేపు కూసుంట."

ఫిబ్రవరి 28, సాయంత్రం
వనజ కుర్చీలో కూర్చుంది. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది. ఒక వరస వాయించి నొక్కాను. దాని మీద ఇంకోటి. ఏం వాయిస్తున్నానో నాకే తెలియదు. మూడో వరసకు తలెత్తాను. వనజ నిద్రపోయింది.

పెళ్లిళ్ల సీజన్. నెలంతా ఆ వరండాలో వంగి కుట్టింది. కళ్ల కింద నలుపు. ఈ నెలలో ఆమె ముఖం వైపు ఇంతసేపు నేనెప్పుడూ చూడలేదు. సిగ్గేసింది. గిటార్ పక్కన పెట్టాను. పెడల్ దానంతటదే వినిపిస్తోంది. ఆపితే లేస్తుందని ఆపలేదు. సాయన్నను పిలుచుకొచ్చి, ఇద్దరం చప్పుడు కాకుండా మిషన్ మోసి గదిలో పెట్టాం.

గంటకు లేచింది.

"ఎంతసేపు కూసున్న?"

"గంట."

"అయితే నువ్వే గెల్సినవ్ గద. మిషన్ లోపల ఎందుకున్నది?"

"గెల్సిన. గది నాది. నా గదిల నా ఇష్టమున్నది పెట్టుకుంట."

వనజ మిషన్ మీది దుమ్ము కొంగుతో మెల్లగా తుడిచింది.

మార్చి 1
కొత్త తీర్మానం! రోజూ సాయంత్రం, అదే గదిలో. నాకు మిగిలింది ఒక స్టూలు జాగా. చాలు. వనజ కుడుతుంటే నేను వాయిస్తాను. ఈసారి తప్పేది లేదు! వనజ ఒప్పుకుంది, ఒకే ఒక్క షరతు మీద: "నాకు నిద్ర పట్టిందంటే జాకెట్లు నువ్వే కుడుతవ్."

పెళ్లివాళ్లవి ఇంకా పన్నెండు జాకెట్లు ఉన్నాయట. అవి అయ్యాక మొదలు.