చిన్నదాని కాగితం

ఆగస్టు 11

ఫెడరేషన్ మెయిల్ మళ్లీ చదివాను. తొమ్మిదోసారి. "వయసు విషయంలో మోసం జరిగినట్టు ఫిర్యాదు అందింది." మోసమట! నలుగురు పెద్దమనుషులు టైలు కట్టుకుని ఏసీ గదిలో కూర్చుని రాసిన మాట. 29వ తేదీ సాయంత్రం ఐదులోపు రుజువులు పంపాలి. అంతవరకు ఏ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలోనూ బార్ ముట్టుకోకూడదు. పదిహేడేళ్లలోపు పిల్లల ప్రపంచ పోటీల్లో నేను తెచ్చిన కంచు పతకం "తాత్కాలికంగా నిలిపివేయబడింది". ఎలా నిలిపేస్తారో? అదిగో, బీరువా మీద ఉంది. అమ్మ దానికి బొట్టు కూడా పెట్టింది.

ఎత్తింది నేను. నా వీపు, నా మోకాళ్లు, నా అరచేతుల్లో తోలు. కాగితం వచ్చి ఎత్తిందా?

ఆగస్టు 12

ఆ ప్రపంచ పోటీల్లో ఏం జరిగిందో నేను చూడలేదా? ఒక జట్టు డాక్టరు సంచీ నిండా సూదులే. ఆ జట్టు పిల్లనే మూత్రం పరీక్షకు పిలిస్తే గంటసేపు బాత్రూంలోంచి బయటికి రాలేదు. చివరికి కడుపునొప్పని వేరే కారులో తీసుకెళ్లిపోయారు. వాళ్ల మీద ఒక్క మెయిలూ ఉండదు. నౌపడ అవతల చేపలెండబెట్టుకునే ఊరిదాని మీద మాత్రం రెండు పేజీలు.

మాస్టారు ఫోన్ చేశారు. "ఎవులు ఫోన్ సేసినా నాకేటీ తెల్దని సెప్పు. కాగితాల సంగతి నాను సూసుకుంతాను." సరే అన్నాను. పదకొండేళ్లప్పుడు ఎండుచేపల బస్తా నెత్తికెత్తుకుంటుంటే చూసి, అరసవల్లిలో తన రేకుల షెడ్డుకు తీసుకెళ్లి బార్ చేతికిచ్చిన మనిషి. బూట్లు ఆయనే కొన్నారు. గుడ్లు ఆయన భార్య ఉడకబెట్టేది. ఆయన మాటకు నేను ఎదురు చెప్పింది లేదు.

ఆగస్టు 13

ఊరంతా తెలిసిపోయింది. కుళాయి దగ్గర — "నిజం సెప్పవే, ఎన్నేళ్లే నీకు?" — నవ్వులు. ఆ బిందె తన్నాలనిపించింది. తన్నలేదు. రేపు మళ్లీ అడిగితే చెప్పలేను.

ఆగస్టు 15

బళ్లో జెండా. ప్రతి ఏడూ నన్ను పిలిచి పక్కన నిలబెట్టేవారు. ఈ ఏడు పిలవలేదు. మిఠాయి పొట్లం మాత్రం ఇంటికి పంపారు. కుక్కకు పెట్టాను.

ఆగస్టు 16

ఇంకో మెయిల్. ఈసారి మా బడి రిజిస్టరు ఫోటో. అందులో నా పుట్టిన తేదీ, పాస్‌పోర్టులో కంటే రెండేళ్లు ముందుంది. "క్రీడాకారిణికి ఒక చెల్లెలు ఉండేదని తెలిసింది. ఆమె పేరూ ఇదేనా? ఒకే ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకు ఒకే పేరు ఎందుకు ఉంటుందో వివరించండి."

ఎందుకుంటుందా? మా ఊరొచ్చి చూడండి. సింహాచలం అప్పన్నకు మొక్కుకుంటే పుట్టినవాళ్లందరూ అప్పలమ్మలే, అప్పలరాజులే. నాన్న వాళ్లు ముగ్గురన్నదమ్ములు, ముగ్గురూ అప్పలరాజులే. పెద్ద, నడిపి, చిన్న — అంతే తేడా. మా ఇంట్లో ఇద్దరు అప్పలమ్మలు. నేను పెద్ద, అమ్మ పిలిచేదీ పెద్దా అనే. అది చిన్న. రెండేళ్లకే జ్వరమొచ్చి పోయింది. అప్పుడు నాకు నాలుగేళ్లు.

బడి రిజిస్టరు తప్పని మాస్టారు పాస్‌పోర్టు తీయించినప్పుడే అన్నారు. నిజమే అనుకున్నాను. మా క్లాసులో సగం మంది జూన్‌లోనే పుట్టారు మరి. చేర్చుకునేటప్పుడు పంతులుగారు పిల్లను ఎగాదిగా చూసి ఒక తేదీ వేసేవారు.

కానీ చెల్లెలి సంగతి వీళ్లకెందుకు?

ఆగస్టు 17

అమ్మ ఇసుకలో వల పరిచి నెత్తళ్ల చేపలు ఎండేస్తోంది. పాస్‌పోర్టుకు పెట్టిన పుట్టిన కాగితం జెరాక్సు పట్టుకెళ్లి ముందు నిలబడ్డాను.

"ఇదెక్కడిదే అమ్మా?"

"టెక్కలి ఆసుపత్రిలోనిచ్చినారు."

"నానింట్లో కదా పుట్టినాను?"

"ఇంట్లోనే. ఓలమ్మో, ఏటి వానే ఆ రోజు! మంత్రసాని తడిసి ముద్దయిపోనాది."

"మరి ఆసుపత్రి కాగితం నాకెలాగొస్తాది?"

అమ్మ చేతులు ఆగాయి. "నీది కాదే. అది సిన్నదాని కాగితం. పుట్టిన కాగితమేదైనా ఉంతే ఇయ్యమన్నారు మాస్టారు. పెట్టిలో అదొక్కటే ఉన్నాది. పేరొక్కటే కదాని ఇచ్చీసినాను. ఏటయిపోనాదిప్పుడు?"

ఏటయిపోయిందో చెప్పాను. పూర్తిగా అర్థం కాలేదు. మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు రోజూలాగే మొదటి ముద్ద పళ్లెం అంచున పెట్టింది. చిన్నదానికి. పద్నాలుగేళ్లుగా అంతే. తర్వాత ఆ ముద్ద కాకులకు వేసి వచ్చి తింటుంది.

నేను పళ్లెం పట్టుకుని లేచిపోయాను.

ఆగస్టు 18

మాస్టారికి ఆరుసార్లు ఫోన్. ఎత్తలేదు.

ఆగస్టు 19

బస్సెక్కి అరసవల్లి వెళ్లాను. షెడ్డులో మాస్టారు ఒక్కరే, బార్‌కు తగిలించే ఇనప ప్లేట్లకు నూనె రాస్తున్నారు.

"మీకు తెలుసా?"

తల ఎత్తలేదు. ఇంకో ప్లేటు తుడిచారు. అప్పుడు — "తెలుసు. అప్పుడే తెలుసు. కాగితమ్మీద ఆసుపత్రి పేరు సూసినప్పుడే."

"మరి నాకు సెప్పలేదేటి?"

"ఏటి సెప్పాల? దేవుడే రెండేళ్లిచ్చినాడనుకున్నాను. ఎవులు సెయ్యట్లేదే అమ్మలూ? మనవొక్కలమే సత్తెకాలపోలమా?"

నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా. రేకులు అదిరాయి. ఆయన నూనెగుడ్డ పక్కన పడేశారు. తర్వాత దారి చెప్పారు. 'నాకు ఒక్కతే కూతురు, వేరే ఆడపిల్ల నాకు ఎన్నడూ పుట్టలేదు' అని అమ్మ చేత నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాలి. బడి తేదీ పంతులు వేసిన తప్పని తేలిపోతుంది. "సిన్నదాని సావు కాగితం ఎక్కడా నేదు. రాయించనేదు మీవోళ్లు. మరెవులు రుజువు సేస్తారు?"

చచ్చిపోయిందని కాగితం లేదు కాబట్టి పుట్టనేలేదని చెప్పొచ్చట. ఆ మాట అన్నందుకు కాదు నా కోపం. అన్నప్పుడు నా గుండె తేలికపడినందుకు.

రాయించకపోతే? పతకం పోతుంది. నాలుగేళ్లు నిషేధం. రైల్వేలో రావాల్సిన స్పోర్ట్స్ కోటా ఉద్యోగం పోతుంది. నాలుగేళ్ల తర్వాత నన్ను ఎవరు చూస్తారు?

ఆగస్టు 20

రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

నాకు తెలియదా? కొంచెం తెలుసు. పదమూడేళ్లప్పుడు పాస్‌పోర్టు ఫారం నేనే నింపాను. పుట్టిన చోటు అన్న గడిలో ఆసుపత్రి పేరు నా చేత్తోనే రాశాను. వాన కథ అమ్మ చెప్పగా వందసార్లు విన్నదాన్నే. రాస్తూ ఆగాను. మాస్టారు "రాసీ" అన్నారు. రాసేశాను. ఆ తర్వాత మళ్లీ ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండడం బార్ ఎత్తడం కంటే సులువు.

ఆగస్టు 21

నాలుగో పిల్ల. పొద్దున్నుంచి ఆమే గుర్తొస్తోంది.

ప్రపంచ పోటీల రోజు వార్మప్ గదిలో నా బొటనవేలి టేపు అయిపోయింది. మాస్టారు ఎక్కడో ఉన్నారు, నాకు ఏడుపొస్తోంది. పక్క బల్ల మీది పిల్ల తన టేపు చుట్ట పళ్లతో కొరికి, సగం నాకిచ్చింది. నా భాష ఆమెకు రాదు, ఆమె దేశం పేరు నేను అంతకుముందు వినలేదు. పళ్లికిలించి నవ్వింది. పదహారేళ్లు. నిజం పదహారు. గంటన్నర తర్వాత ఆమె కంటే ఒక్క కిలో ఎక్కువ ఎత్తి నేను మూడు, ఆమె నాలుగు. నడవలో గోడవైపు తిరిగి ఏడుస్తుంటే చూశాను. పతకం మెడలో వేసుకుని పక్కనుంచి నడిచి వచ్చేశాను.

ఇవాళ నా ప్రాక్టీసు పుస్తకం తీశాను. రెండేళ్ల కిందట, నాకు నిజంగా పదహారున్నప్పుడు ఎంత ఎత్తానో చూద్దామని. ఆమె కంటే ఇరవై ఒక్క కిలోలు తక్కువ.

మూలనున్న గోనెసంచి మీదికి పుస్తకం విసిరేశాను.

ఆగస్టు 22

టెక్కలి. నోటరీ ముసలాయన ఇంగ్లీషులో టైపు చేయించి, అమ్మకు తెలుగులో చదివి వినిపించాడు. "నాకు ఒక్కతే కుమార్తె. వేరే ఆడసంతానం ఎన్నడూ కలగలేదు."

అమ్మ — "ఎన్నడూ కలగనేదా?"

"అలాగే రాయాలమ్మా."

"మరి సిన్నదాన్ని ఎవులు కన్నారు బాబూ?"

మాస్టారు ఏదో చెప్పబోయారు. అమ్మ వినలేదు. చెయ్యి కొంగులో చుట్టుకుని లేచి మెట్లు దిగిపోయింది. వేలిముద్ర డబ్బా మూత తీసింది తీసినట్టే ఉంది.

బస్టాండులో అందరి ముందూ అమ్మ మీద విరుచుకుపడ్డాను. "సచ్చిపోయిందే అది! నాను బతికున్నాను! బతికున్నదాని కోసం ఒక్క యేలు ఎయ్యలేవా?" సోడా బండివాడు సీసా పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

ఛీ. నా నోరు పడిపోనూ.

ఆగస్టు 23

ముద్ద పెట్టింది. ఇవాళ నా కళ్లముందే, కొంచెం పెద్ద ముద్ద.

ఆగస్టు 25

నేను ఒడ్డుకెళ్లినప్పుడు మాస్టారు వచ్చి వెళ్లారట. ఏమన్నారని అడిగితే అమ్మ చెప్పలేదు. పక్కింటి అత్త చెప్పింది. ఫెడరేషన్ వాళ్లు వీడియో కాల్లో అమ్మను కూడా పిలుస్తారట. "దాన్ని పెద్దా అని పిలవకు. పెద్దంతే సిన్నదేదని అడుగుతారు. అప్పలమ్మా అని పిలువు, ఇప్పట్నుంచే అలవాటు సేసుకో" — అన్నారట.

సాయంత్రం అమ్మ పిలిచింది. "పె—" అని ఆగి, పక్కకు తిరిగి కోడిని అదిలించింది.

ఆగస్టు 26

ఫోన్లో ఇంగ్లీషు మెసేజ్. నాలుగో పిల్ల! నన్ను ఎక్కడ వెతికి పట్టుకుందో. "వచ్చే నెల పోటీల జాబితాలో నీ పేరు లేదు. దెబ్బ తగిలిందా? త్వరగా నయం కావాలి." కింద టేపు చుట్ట ఫోటో.

దానికింకా తెలియదు. ఫిర్యాదు చేసింది అది కాదు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టేవాళ్లకు నేను సమాధానం చెప్పగలను.

ఆగస్టు 27

పొద్దున లేచేసరికి అమ్మ లేదు. చేపల తట్ట ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నానికి వచ్చింది, చేతిలో ప్లాస్టిక్ కవరు. మంచం మీద పెట్టింది.

"ఏసీసినాను. మాస్టారొచ్చినారు కూడా."

కవర్లో అఫిడవిట్. స్టాంపు. అడుగున అమ్మ వేలిముద్ర, నీలంగా. అమ్మ నీళ్ల గాబు దగ్గర కూర్చుని బొటనవేలిని కొబ్బరిపీచుతో తోముతోంది. పోవడం లేదు.

"నాను సెప్పలేదు కదే ఎయ్యమని!"

"సెప్పినావు. బస్టాండ్లో."

అన్నం వడ్డించుకుంది. కలిపింది. తినేసింది. ముద్ద పక్కన పెట్టలేదు.

"సిన్నదానికెట్టలేదేటి?" — నేనే అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"ఎవులికెట్టాల? అది నేదని యేలేసి వచ్చినాను కదా. యేలేసి వచ్చి మళ్లీ ముద్దెలాగెడతాను?"

కోపంతో కాదు. మామూలుగానే అంది. చెయ్యి కడుక్కుని నెత్తళ్లు తిరగెయ్యడానికి వెళ్లిపోయింది. కాకులు రెండు వచ్చి గోడ మీద చాలాసేపు కూర్చున్నాయి. గిన్నె విసిరాను వాటి మీద.

ఎవరి మీద అరవాలి? సూదుల డాక్టరు మీదా? టైల వాళ్ల మీదా? మాస్టారి మీద ఇప్పటికే అరిచాను. మిగిలింది నేనే.

ఆగస్టు 28

మాస్టారు — "పంపినావా?"

పంపలేదు. "పంపుతాను" అన్నాను.

ఆగస్టు 29

మూడూ పది. ఫోన్లో మెయిల్ తెరిచి కూర్చున్నాను. అఫిడవిట్ ఫోటో జతచేశాను. తీసేశాను. మళ్లీ జతచేశాను. నీలం వేలిముద్ర తెర మీద మరీ పెద్దగా కనిపిస్తోంది.

నాలుగు. అఫిడవిట్ మెయిల్ అలాగే ఉంచి ఇంకో మెయిల్ రాశాను. ఇంగ్లీషు తప్పులు ఉంటే ఉండనీ. "నాకొక చెల్లెలు ఉండేది. ఆ కాగితం దానిది." రెండే వాక్యాలు. ఇది పంపితే పతకం ఆ టేపు పిల్లకు వెళ్తుంది, నాకు బార్ ఉండదు. బార్ లేకుండా నేనేం చేస్తానో నాకు తెలియదు. ఏడేళ్లయింది, ఇంకోటి నేర్చుకోలేదు. పైగా అమ్మ వేలేసింది తప్పుడు కాగితమని నేనే చెప్పినట్టవుతుంది. అమ్మనేమైనా చేస్తారా? మాస్టారిని?

నాలుగూ ఇరవై. మాస్టారి ఫోన్ మోగుతోంది. మోగనీ.

అమ్మ పెరట్లోంచి పిలుస్తోంది. "అప్పలమ్మా! ఒలే అప్పలమ్మా!" తడబడకుండా పిలిచింది ఈసారి. అలవాటు చేసుకుందన్నమాట. నాకు ఊహ తెలిసిన్నాటి నుంచి అమ్మ నన్ను ఆ పేరుతో పిలవలేదు. ఒళ్లు మండిపోతోంది.

నాలుగూ నలభై. రెండు మెయిళ్లూ పంపకుండా అలాగే ఉన్నాయి. మళ్లీ పిలిచింది, అప్పలమ్మా అనే.

పలకను. పెద్దా అని పిలిచేదాకా పలకను.