కుట్టు వేసిన సీలు

గ్రీన్‌లాండ్, జూలై 20, 1955

నా ముద్దుల యూదిత్ అక్కకి,

దగ్గు తగ్గిందా? డెన్మార్కు ఆస్పత్రిలో సీలు మాంసం పెట్టరని బెంగపడుతూ రాశావు. అదృష్టవంతురాలివి. నాకిప్పుడు ఆ పేరెత్తితేనే ఓకరింత వస్తోంది.

మన రేవులో డేనిష్‌వాళ్లు సినిమా తీస్తున్నారు. ప్రేమకథట. కోపెన్‌హేగన్ పిల్ల ఓడ దిగి, ఇక్కడ దుకాణం నడిపే డేనిష్ కుర్రాణ్ణి చూసి మనసు పారేసుకుంటుంది. ఆవిడ పారేసుకుంటున్నంతసేపూ వెనకాల మేం వేటాడి తెచ్చిన సీలును కోస్తూ ఉండాలి. అదీ మెడ చుట్టూ పూసల పట్టీలు, పండగ జోళ్లు వేసుకుని! చర్చికి కట్టుకునే బట్టల్లో ఎవరైనా నెత్తుట్లో చేతులు పెడతారా? "అందంగా ఉంటుందమ్మా" అన్నాడు డైరెక్టరు. అమ్మ చేసిన పూసల మీద కొవ్వు కారుతుంటే నాకు ఒళ్లు జలదరించింది.

సీలు తెచ్చింది నా పెళ్లికొడుకు ఎనోకే. పొట్ట కోయగానే మబ్బు పట్టింది. "మళ్లీ మొదటినుంచి" అన్నాడు డైరెక్టరు. కోసిన సీలును మళ్లీ కోయడమెలా? పొట్టలో గోనెగుడ్డలు కుక్కి కుట్టేశారు. మర్నాడు కోశాం. మళ్లీ కుట్టారు. నాలుగు రోజులక్కా! ఈ నెలంతా పొద్దు గుంకదని తెలుసుగా, రాత్రి కూడా దానిమీద ఎండే. చివరిరోజు కత్తి పెట్టగానే వచ్చిన కంపుకి ఆ హీరోయిన్ ముక్కు మూసుకుని పరిగెత్తింది. మాంసమంతా సముద్రంలోకి తోసేశారు. ఛీ!

అంతకన్నా రోత ఇంకోటుంది. మొదటిరోజే బొలెట్ పెద్దమ్మ మాంసం ముక్క కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. మొగుడు పోయాక ఆవిడకి వేటాడి తెచ్చేవాళ్లెవరు? గిన్నెతో వచ్చినవాళ్లని ఖాళీగా పంపడం మన ఊళ్లో ఎప్పుడైనా ఉందా? ఎనోక్ తల వంచుకుని, "ఎల్లుండి రా పెద్దమ్మా, ఇవాళ ఇది సినిమాది" అన్నాడు. ఆవిడ గిన్నెను వీపు వెనక దాచుకుని వెళ్లిపోయింది. ఊరంతా వాడి మొహాన ఉమ్మినంత పని చేసింది.

సెప్టెంబరులో పెళ్లి లేదు. గిన్నెకు కాదన్నవాడితో కాపురం నావల్ల కాదని వాడికి చెప్పేశాను.

నీ చెల్లెలు,
సెవరీన్


సెప్టెంబరు 2

అక్కా,

నీ ఉత్తరంలో ఒక్కటే ప్రశ్న. "నాలుగు రోజులు నీళ్లు కారకుండా కుట్టు నిలిచిందంటే, కుట్టింది ఎవరే?" ఆస్పత్రి మంచం మీద పడుకుని కూడా నన్ను పట్టేసుకున్నావు.

నేనే. అమ్మ నేర్పిన కుట్టే, అమ్మ సూదితో. ఎన్నిసార్లు తోమినా దాని వాసన పోలేదు.

సినిమాకి సరిపోయేదాకా సీలును కుట్టి నిలబెడితే, మిగతా సినిమా తీయడానికి నన్ను కోపెన్‌హేగన్ తీసుకెళ్తానని డైరెక్టరు అన్నాడు. నిన్ను చూడొచ్చనుకున్నాను. పెద్దమ్మ వస్తుంటే ఎనోక్ కాళ్లావేళ్లా పడ్డాను. "ముక్క కోస్తే అంతా పోతుంది, ఎల్లుండి రమ్మను" అన్నాను. ఆ మాట నాది, నోరు వాడిది. ఊరు తిడుతుంటే వాడు నా పేరెత్తలేదు. నేను కూడా ఊరితో కలిసి తిట్టాను. సినిమావాళ్ల ఓడ నన్ను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది. నామీద నాకున్న రోతంతా వాడి మీద కక్కాను.

ఇవాళ పొద్దున్న పెద్దమ్మ దగ్గరికెళ్లి అంతా చెప్పాను. "ఆ పిల్లాడు ఇంతకుముందే నాకు ముక్క తెచ్చిచ్చాడు. ఇక నీ గిన్నె తీసుకుని వాడి దగ్గరికి పో" అంది.

గిన్నె పట్టుకుని ఎనోక్ గుమ్మం ముందు నిలబడ్డాను.

"సీలు పడిందట కదా" అన్నాను.

"ఎల్లుండి రా అనమంటావా?" అన్నాడు.

అనేస్తే అక్కడే కూలిపోయేదాన్ని. వాడు నవ్వలేదు. కార్జంలో మంచి ముక్క కోసి గిన్నెలో వేశాడు. ఇంకా వెచ్చగా ఉంది. నెలన్నరగా మాంసం ముట్టనిదాన్ని, అక్కడే నిలబడి, మనవాళ్ల తీరున పచ్చిదే, ఏడుస్తూ తినేశాను.

పెళ్లి మాట ఇద్దరం ఎత్తలేదు. గిన్నె మాత్రం వాళ్లింట్లోనే వదిలేసి వచ్చాను, కావాలనే.

నీ సెవరీన్